పొద్దుగాల తాళం తిప్పే ముందు: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీల వానాకాలం బండ్ల గురించి రాస్తే చాలామంది తిరిగి ఒకటే మాట అడిగిన్రు, సర్వీసింగ్ సంగతి సరే గానీ రోజూ ఇంట్ల నుంచి బండి బయటికి తీసే ముందు మేమే చూసుకునేటియి ఏమున్నయి అని. ఈ ప్రశ్న కోసమే నేను ఎన్నో ఏండ్ల సంది ఎదురుచూస్తున్న. కాజీపేటల ముప్పై ఏండ్లు బండ్లు బాగుచేసే షెడ్డు నడిపిన, ఇప్పుడు డ్రైవింగ్ నేర్పిస్తున్న. నా దగ్గరికి తోసుకొచ్చిన బండ్లు, ట్రాలీల ఏసుకొచ్చిన బండ్లు ఎన్నో చూసిన, వాటిల మస్తు బండ్లు ముందురోజే ఒక్కసారి చేత్తో ముట్టి చూస్తే ఆ గతి రాకపోవు. రాత్రి మంచిగ పెట్టిన బండి పొద్దుగాల అట్లనే ఉంటదని అనుకుంటం, కానీ రాత్రంత గాలి దిగుతది, ఆయిల్ కారుతది, ఎలుక వైరు కొరుకుతది. అందుకే కంటితో చూసుడు ఒక్కటే సరిపోదు, చెయ్యి పెట్టి చూడాలె.

అన్నా, మా బాబు ఏడో తరగతి, గోపాల్‌పూర్ నుంచి సుబేదారి దాక సైకిల్ మీద బడికి పోతడు. మొన్న చైన్ ఊడి రోడ్డు మధ్యల పడ్డడు, మోకాలు కొట్టుకపోయింది. వాళ్ల డాడీ ఐదింటికే డ్యూటీకి పోతడు. నాకు సైకిల్ గురించి ఏం తెల్వదు. నేను చూడగలిగినయి ఏమన్న ఉన్నయా? – ఒక తల్లి, హన్మకొండ

చెల్లె, అన్నీ నువ్వు చూడగలిగినయే, పానాలు కూడ అక్కర్లేదు. ఇంకా మంచిదేందంటే బాబుతోని చూపియ్యి, నువ్వు పక్కన నిలబడు, వారం రోజులల్ల వాని చెయ్యికే అలవాటైతది.

ముందు గాలి. బొటనవేలుతోని టైరును పైనుంచి గట్టిగ నొక్కితే లోపటికి దిగొద్దు. ఎంత గాలి ఉండాలెనో టైరు పక్కగోడ మీదనే అచ్చయి ఉంటది, మామూలు సైకిళ్లకు 40, 50 పీఎస్ఐ (PSI, గాలి ఒత్తిడి కొలత) అట్ల రాసి ఉంటది, ఆ నంబరు చూసి షాపుల కొట్టియ్యి. మీ సైకిల్ పాత తరం వాల్ ట్యూబ్ ఉన్నదైతే ఒక సంగతి చెప్త. లోపట చిన్న రబ్బరు గొట్టం ఉంటది, ఎండకు అది పగుళ్లు బారి గాలి కొద్దికొద్దిగ పోతనే ఉంటది, పంచర్ లేకున్నా రెండు రోజులకొకసారి టైరు మెత్తబడ్తది. వేలికి జర ఉమ్మి తడి చేసుకొని వాల్ మూతి మీద పెట్టు, సన్నటి బుడగ లేస్తే దొంగ దొరికినట్టే. షాపుల ఆ రబ్బరు చిల్లరకు వస్తది. గాలి టైరు కథే చిన్న పిల్లగానితోని మొదలైంది తెలుసా, బెల్‌ఫాస్ట్‌ల పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ గతుకుల మీద ఎగురుతున్నదని రబ్బరు గొట్టంల గాలి నింపి చక్రానికి చుట్టిండు, 1888ల దానికి పేటెంట్ తీసుకున్నడు. గాలి కథ పిల్లల సైకిల్ కాడ పుట్టింది కాబట్టి పిల్లల సైకిల్ కాడనే మనం ముందు చూడాలె.

తర్వాత బ్రేకు. సైకిల్‌ను నిలబెట్టి ముందు బ్రేక్ గట్టిగ పట్టి ముందుకు తొయ్యి, వెనుక చక్రం లేవాలె గానీ ముందుది తిరగొద్దు. వెనుక బ్రేక్ పట్టి మళ్ల తొయ్యి, వెనుక చక్రం గీసుకుంట రావాలె. బ్రేక్ పిడి హ్యాండిల్‌కు తగిలేదాక లోపటికొస్తున్నదంటే వైరు వదులైంది. రబ్బర్లు రిమ్ముకు తగలాలె, టైరుకు కాదు, టైరుకు తగిలితే నెల రోజులల్ల టైరు కోసుకపోతది. ఇంకొకటి, వైరు పిడి కాడ బయటికొచ్చే చోట కండ్లు దగ్గర పెట్టి చూడు, ఒక్క పోగు ముల్లు లెక్క లేచి ఉన్నదంటే మిగతా పోగులు కూడ తెగే తొవ్వల ఉన్నట్టు, ఆ రోజు సైకిల్ పంపకు. మన దగ్గర చాలా సైకిళ్లకు కుడి చెయ్యి బ్రేకు ముందు చక్రానిది, వాలుల అదొక్కటే గట్టిగ పడితే పిల్లగాడు ముందుకు పల్టీ కొడ్తడు, రెండూ కలిపి పట్టుమని రోజూ చెప్పు.

ఇగ నువ్వు అడిగిన చైన్. గేర్లు లేని సైకిల్‌కు చైన్ నడిమిట్ల వేలుతోని పైకి కిందికి ఆడిస్తే అర అంగుళం కదలాలె. ఇంకెక్కువ ఊగితే అదే మీ బాబును పడేసింది. వెనుక చక్రం నట్లు వదులు చేసి చక్రాన్ని జర వెనుకకు గుంజి మళ్ల బిగిస్తే పోయేదానికి పిల్లగాడు మోకాలు కొట్టుకున్నడు, నాకు గదే బాధ. అట్ల గుంజినంక చక్రం నడిమిట్ల ఉన్నదా, ఒక పక్క వంగి ఉన్నదా చూడాలె. చైన్‌కు వారానికొకసారి కుట్టు మిషన్ ఆయిల్ నాలుగు చుక్కలు ఏసి, మిగిలింది బట్టతోని తుడువు. ఆయిల్ రిమ్ముకు అంటితే బ్రేకు పడదు, జాగ్రత్త.

ఆఖరికి సైకిల్‌ను బెత్తెడు ఎత్తి కింద ఇడిచిపెట్టు, చెవి పెట్టి ఇను. ధబ్ అని ఒక్కటే చప్పుడు రావాలె. గలగల మన్నదంటే ఎక్కడనో ఒక నట్టు వదులున్నది, మడ్‌గార్డో, క్యారేజో, స్టాండో, ముందు చక్రమో. ముందు చక్రం నట్లు మాత్రం రోజూ చేత్తో తిప్పి చూపియ్యి. స్కూల్ బ్యాగు తాడు హ్యాండిల్‌కు తగిలియ్యనియ్యకు, చక్రంల పడ్తది. ప్యాంటు కాలు మడిచి కట్టుకోమను. హెల్మెట్ కొంటే కనుబొమ్మల మీద రెండు వేళ్ల ఎడంతోని కూర్చోవాలె, ఒకసారి గట్టిగ దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్ల వాడకు, పైకి మంచిగనే కనపడ్తది గానీ లోపట పగిలి ఉంటది.

సార్, మాది పదేండ్ల కారు. పొద్దున మొదటిసారి బ్రేకు తొక్కితే పెడల్ కిందికి పోతోంది, రెండోసారి తొక్కితే పైనే ఆగుతోంది. దారిలో మామూలుగానే పనిచేస్తుంది. దీంతో రోజూ స్కూలుకు వెళ్లొస్తున్నాను. ప్రమాదమా? – ఉపాధ్యాయుడు, నర్సంపేట

సార్, మీరు ఈ పేజీ చదువుతున్న రోజు సంది ఆ కారు బయటికి తియ్యకుండ్రి, మెకానిక్‌నే ఇంటికి పిలువుండ్రి. రెండోసారి తొక్కితే ఆగుతున్నదని మనసుకు ధైర్యం వస్తది గానీ, పాకాల రోడ్డు మీద ఒక బర్రె అడ్డం వస్తే రెండోసారి తొక్కే టైం ఉండదు.

మొదటి తొక్కుకు పెడల్ దిగి రెండో తొక్కుకు పైకొస్తున్నదంటే సాధారణంగ రెండు కారణాలు ఉంటయి, వెనుక డ్రమ్ముల బ్రేక్ షూలు (లోపట రాసుకొని చక్రాన్ని ఆపే పట్టీలు) అరిగి ఎడం పెరిగి ఉండాలె, లేదంటే బ్రేక్ పైపులల్ల గాలి చేరి ఉండాలె. గాలి ఉంటే పెడల్ స్పాంజి లెక్క మెత్తగుంటది. ఇంకో రకం ఉంటది, అది ఇంక చెడ్డది, పెడల్ తొక్కి అట్లనే పట్టుకుంటే మెల్లగ కిందికి జారుకుంట పోతది, అంటే ఎక్కడనో కారుతున్నది లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల దిక్కు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపటి రబ్బరు పోయింది.

అందుకే నా దగ్గర నేర్చుకునేటోళ్లకు ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఒక పని చేపిస్త. ఇంజిన్ బంద్ ఉన్నప్పుడు బ్రేక్ నాలుగు సార్లు తొక్కుతే పెడల్ గట్టిబడ్తది. ఆ గట్టి పెడల్ మీద కాలు అట్లనే ఉంచి తాళం తిప్పాలె, ఇంజిన్ అందుకోంగనే పెడల్ కాలి కింద జర దిగాలె. దిగితే మన కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకుంటే బ్రేక్ పడ్తది గానీ రెండింతల బలం పెట్టి తొక్కాలె. ఇంజిన్ నడుస్తుంటె పెడల్ పది సెకన్లు పట్టి చూడుండ్రి, జారొద్దు. ఆ తర్వాత గేటు దాటకముందే నడక వేగంల ఒక్కసారి బ్రేక్ కొట్టి చూడాలె. అంతా కలిపి అర నిమిషం పని.

బానెట్ లేపితే బ్రేక్ ఆయిల్ డబ్బా మీద కనిష్ఠం (MIN), గరిష్ఠం (MAX) అని రెండు గీతలు ఉంటయి, ఆయిల్ వాటి నడుమ ఉండాలె. తగ్గిందంటే ఊరికే పోసి ఊకోవద్దు, ప్యాడ్లు అరిగినా తగ్గుతది, కారినా తగ్గుతది, ఎందుకు తగ్గిందో చూపించాలె. ఈ ఆయిల్ గాలిల తేమ పీల్చుకుంటది, తేమ చేరినంక ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి లోపట ఆవిరి లేచి పెడల్ మెత్తబడ్తది. అందుకే చాలా కంపెనీలు రెండేండ్లకోసారి మార్చమంటయి, మీది పదేండ్లది కదా, ఎప్పుడు మార్చిన్రో ఒకసారి యాది చేసుకోండ్రి.

వానలో రాత్రంత బయట పెట్టిన కారు పొద్దుగాల మొదటి బ్రేక్‌కు గర్రుమంటది, డిస్కు మీద సన్నటి తుప్పు, నాలుగు తొక్కులకు పోతది, దానికి భయపడొద్దు.

తాళం తిప్పంగనే మీటర్ల అన్ని లైట్లు ఎలుగుతున్నయి, బండికి ఏదన్న రోగమా? – కొత్త డ్రైవర్, హుజూరాబాద్

లేదు తమ్మీ, ఎలగాలె. బల్బులు బతికే ఉన్నయని బండి నీకు చూపిస్తది. ఇంజిన్ స్టార్ట్ అయినంక కొన్ని సెకన్లల్ల అన్ని ఆరిపోవాలె. ఎర్రది ఏది ఆరకున్నా, అది ఆయిల్ గుర్తయినా, బ్రేక్ గుర్తయినా, వేడి గుర్తయినా, కదలకు (హ్యాండ్ బ్రేక్ ఏసి ఉందేమో ముందు చూసుకో, దానికి కూడ ఎర్రదే ఎలుగుతది). పసుపుది ఉంటే మెల్లగ షెడ్డుకు పోవచ్చు. ఒక లైటు అసలే ఎలగలేదంటే దాన్ని కూడ చూపియ్యి, కొందరు సెకండ్‌హ్యాండ్ బండ్లు అమ్మేటోళ్లు ఆ బల్బు పీకేస్తరు.

అన్నా, సెకండ్‌హ్యాండ్ కారు తీసుకున్న. టైర్లు మస్తు ఉన్నయి, నల్లగ మెరుస్తున్నయి, ఇంకో రెండేండ్లు ఢోకా లేదని అమ్మినాయన చెప్పిండు. మేడారం పోవాలె. గాలి ఎంత కొట్టియ్యాలె? – పరకాల

తమ్మీ, మెరుపు పాలిష్‌ది, దాన్ని చూసి నమ్మకు. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే పెద్ద నంబరు ఉంటది, దాని చివర నాలుగు అంకెలు చూడు. 2317 అని ఉంటే 2017ల ఇరవై మూడో వారంల పుట్టిన టైరు అది. రబ్బరు వాడకున్నా ముసలిదైతది, మన దగ్గర మే నెల ఎండల తారు రోడ్డు మీద నిలబడి నిలబడి ఇంక తొందరగ ముసలిదైతది. ఐదేండ్లు దాటితే ఏడాదికోసారి తెలిసినోళ్లకు చూపియ్యి, పదేండ్లు దాటితే గాట్లు ఎంత లోతున్నా తీసెయ్యి.

గాట్ల లోతు సంగతి, కార్లకు చట్టం 1.6 మిల్లీమీటర్లు ఉండాలె అంటది, బైకులకు 0.8. కొలిచే పని లేదు, గాట్ల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు అడ్డంగ పోసి ఉంటయి, టైరు అరిగి అరిగి ఆ గట్టు పైభాగంతోని సమానమైందంటే టైరు పని అయిపోయినట్టు. చేత్తో అడ్డంగ రాసి చూడు. లోపటి పక్క ఎక్కువ అరిగితే ఎలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే తీరు) తేడా, రెండు అంచులు అరిగితే గాలి తక్కువ కొట్టించిన్రు, నడిమిట్ల అరిగితే ఎక్కువ కొట్టించిన్రు. ఆ టైరును చూస్తే పాత ఓనర్ ఎట్ల నడిపిండో కూడ తెలుస్తది. లోపటి వైపు పక్కగోడను ఎవ్వరూ చూడరు, స్టీరింగ్ ఒక పక్కకు మొత్తం తిప్పి చూడు. కోడిగుడ్డు లెక్క బుడిపె కనపడ్డదా, ఆ టైరుతోని ఊరు దాటకు, లోపటి దారాలు తెగినయి అది, హైవే మీద పేలిపోతది.

గాలి ఎంత అంటే పంపు కాడి పిలగాన్ని అడగొద్దు, డ్రైవర్ డోర్ తెరిస్తే డోర్ మూసుకునే కాడి స్తంభం మీద స్టిక్కర్ ఉంటది, కొన్నిటికి పెట్రోల్ మూత లోపట ఉంటది. చిన్న కార్లకు మామూలుగ 30 నుంచి 33 పీఎస్ఐ నడుమ ఉంటది, నలుగురు, సామాన్లు ఉంటే వేరే నంబరు రాసి ఉంటది, మేడారం పోయేటప్పుడు అది కొట్టియ్యాలె. చల్ల టైరుకు కొలవాలె, పొద్దుగాల ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల లోపు. దూరం నడిచి వేడైన టైరుల గాలి ఎక్కువ చూపిస్తది, ఎక్కువైందని తియ్యకు, చల్లారినంక తక్కువైతది. టైరుల వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతది, ఎండకాలం కొట్టిచ్చింది డిసెంబర్ చలికి తగ్గేది కూడ అందుకే.

స్టెప్నీకి గాలి కొట్టిచ్చినవా? ఎవ్వరూ కొట్టియ్యరు. తాడ్వాయి అడవిల రాత్రి పది గంటలకు పంచరై స్టెప్నీ కిందికి దించితే అది కూడ చపాతీ లెక్క ఉన్నోళ్లను నేను చూసిన. జాకీ, వీల్ పానా ఉన్నయా చూసుకో, నట్లు ఒక్కసారి ఇంటి కాడ ఇప్పి బిగించి చూడు, మిషన్‌తోని బిగించిన నట్లు చేతి పానాకు రావు, కాలు పెట్టి ఎక్కినా రావు. చక్రం మార్చినంక ఒక 50, 100 కిలోమీటర్లకు నట్లు మళ్ల ఒకసారి బిగించుకో.

నేను కారు నేర్చుకొని మూడు నెలలు. రోజూ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి చూస్తా. మా ఇంట్ల అందరు నవ్వుతున్నరు, విమానం నడుపుతున్నవా అని. మానేయాల్నా అన్నా? – గృహిణి, జమ్మికుంట

మానకు చెల్లె, ఆ చుట్టే అన్నిటికంటె పెద్దది. నవ్వినోళ్లకు ఈ పేజీ చూపియ్యి.

చుట్టు తిరిగితే నాలుగు టైర్లు కనపడ్తయి, కింద నేల మీద ఆయిల్ చుక్కలు కనపడ్తయి, గట్లనే కారు కింద ఎవరున్నరో కనపడ్తది. ఎండకాలం కుక్కపిల్లలు నీడకు కింద పండుకుంటయి, చలికాలం పిల్లులు ఇంజిన్ వేడికి బానెట్ లోపటికి ఎక్కుతయి, బానెట్ మీద రెండు సార్లు చెయ్యితోని కొడితే ఉరుకుతయి. పిల్లలున్న ఇల్లైతే పిల్లలు ఎక్కడున్నరో కంటితో చూసినంకనే రివర్స్ గేర్ ఏయాలె. వెనుక అద్దంల మూడేండ్ల పిల్ల కనపడది.

ఇది రాస్తుంటె నాకు ఒకటి యాదికొచ్చింది. ఇరవై ఏండ్ల కింద, పొద్దుగాల తెల్లారకముందే ములుగు పోతున్నం, నేను నా భార్య, వెనుక సీట్ల మా అమ్మ, పిల్లలు. గూడెప్పాడ్ క్రాస్ కాడ లారీ నెమ్మదించింది, నేను బ్రేక్ తొక్కితే పెడల్ దిగలేదు. సగం దిగి ఆగిపోయింది. సీటు కింది నుంచి నీళ్ల సీసా దొర్లుకుంట వచ్చి పెడల్ వెనుకకు చేరింది. పిల్లలు తాగి కింద పెట్టిన సీసా. కాలుతోని దాన్ని గుంజెయ్యాల్నా, పెడల్‌నే ఇంకా తొక్కాల్నా తెలియక చేతులు చల్లబడ్డయి, హ్యాండ్ బ్రేక్ మెల్లమెల్లగ గుంజి, గేర్ తగ్గించి, మట్టిలకు దింపి ఆపిన. లారీ వెనుక బంపర్‌కు మాకు మధ్యల మూడు మూరలుంటదో లేదో. అప్పటి సంది నా కారుల డ్రైవర్ కాళ్ల కాడ ఏదీ ఉండది, సీసా లేదు, చెప్పులు లేవు, ప్రసాదం సంచి లేదు. మ్యాట్ కూడ కొక్కానికి తగిలించి ఉందా లేదా రోజూ కాలుతోని తన్ని చూస్త, మ్యాట్ ముందుకు జారి యాక్సిలరేటర్‌ను పట్టుకుంటె ఇంకా కష్టం.

కూర్చున్నంక ముందుగాల సీటు సరిచేసుకో, క్లచ్ పూర్తిగ తొక్కినా మోకాలు జర వంగి ఉండాలె. ఆ తర్వాతనే అద్దాలు, సీటు జరిపితే అద్దాలు మారుతయి కాబట్టి ముందు అద్దాలు పెట్టి లాభం లేదు. బెల్టు నీకు, పక్కనోళ్లకు, వెనుకోళ్లకు అందరికీ. వెనుకోళ్లు పెట్టుకోకుంటె ముందు సీటు మీద వాళ్లే వచ్చి పడ్తరు. ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల పట్టే బెల్టు 1959ల వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేసిండు, అందరు కంపెనీలోళ్లు వాడుకోవచ్చని పేటెంట్ తెరిచిపెట్టిన్రు. బెల్టు తొందరగ గుంజి చూడు, టక్కున ఆగాలె. ఆగకుంటె చూపియ్యి.

నాకు అరవై దాటినయి. తెల్లారకముందే పాల క్యాన్లు కట్టుకొని సైకిల్ మీద జనగామ సెంటర్ల పోస్త. లారీలోళ్లు దగ్గరికొచ్చినంక హారన్ కొడ్తరు, గుండె ఆగినంత పనైతది. – ఒక పాలాయన

పెద్దాయనా, వాళ్లకు మీరు కనపడ్తలేరు, అదే సంగతి. వెనుక మడ్‌గార్డ్‌కు ఎర్ర రిఫ్లెక్టర్ ఉంటది కదా, మీ క్యాన్లు దాన్ని మూసేస్తున్నయి. క్యాన్ల మీదనే మెరిసే రేడియం టేపు అంటించుండ్రి, అడ్డంగ రెండు పట్టీలు, పెడళ్ల రెండు పక్కల చిన్న ముక్కలు, కాలు ఆడుతుంటె అవి పైకి కిందికి కదులుతయి, సైకిల్ పోతున్నదని దూరం నుంచే తెలుస్తది. వెనుక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు బ్యాటరీవి కొంచెం డబ్బులల్ల వస్తయి. పొద్దుగాల బయలెల్లే ముందు గోడకు ఎదురుంగ పెట్టి ఎలుగుతున్నదా చూసుకోండ్రి. పొగమంచు రోజులల్ల తెల్ల అంగీ ఏసుకోండ్రి, నల్ల చెద్దరు కప్పుకోవద్దు.

క్యాన్ల బరువు రెండు పక్కల సమానం ఉండాలె, కట్టిన తాడు కొస చక్రంలకు ఏలాడొద్దు. ఆ బరువుకు వెనుక బ్రేక్ రబ్బర్లు మామూలుకంటె తొందరగ అరుగుతయి, వారానికొకసారి చూడుండ్రి. యాసంగి కోతల టైంల సడక్ మీద వడ్లు ఆరబోస్తరు, చుట్టూ రాళ్లు పెడ్తరు, పైన నల్ల కవర్ కప్పుతరు, చీకట్ల అది అసలే కనపడది. ఆ నెలల్ల లైటు లేకుండ బయలెల్లొద్దు. వడ్లు ఆరబోసే అన్నదమ్ములకు కూడ నా విన్నపం, రాళ్లు పెట్టకుండ్రి, పెట్టినా రాత్రికి తీసెయ్యుండ్రి.

వాన పడ్డప్పుడు కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకి రోడ్డు మీదికి నీళ్లొస్తయి. దాటినంక ఏం చూసుకోవాలె? – ములుగు

దాటాల్నా వద్దా అన్నదే ముందు చూసుకోవాలె. రోడ్డు అంచు కనపడకుంటె, నీళ్లు గుంజుతుంటె ఆగుడే, ఎంతసేపైనా ఆగుడే. దాటుమని పోలీసోళ్లు పంపిస్తున్నరు, నీళ్లు తక్కువున్నయి అంటే మొదటి గేరుల, ఆపకుండ, మెల్లగ పోవాలె. దాటినంక బ్రేకులు తడిసి ఉంటయి, ముఖ్యంగ వెనుక డ్రమ్ములు. వెంటనే స్పీడ్ పెంచకుండ, వెనుకొచ్చే బండిని చూసుకొని, బ్రేక్ మీద కాలు తేలిగ్గ ఆనించి ఒక ఫర్లాంగు దూరం పోతే ఆ రాపిడి వేడికి తడి ఆరుతది. అప్పుడు ఒకసారి గట్టిగ తొక్కి చూడు, ఒక పక్కకు గుంజితే ఇంకా ఆరలేదన్నట్టు, మళ్ల అట్లనే పోనియ్యి. సైకిల్‌కు, బైకుకు కూడ ఇదే లెక్క. వైపర్ రబ్బరు గీతలు కొడ్తుంటె వాన మొదలుకాకముందే మార్చుకో. నీళ్లల్ల ఇంజిన్ బంద్ పడితే మాత్రం మళ్ల సెల్ఫ్ కొట్టకు, సిలిండర్ల నీళ్లు చేరి ఉంటే లోపటి రాడ్డు వంగుతది, తోసి బయటికి తెచ్చి మెకానిక్‌ను పిలువు. హైవే మీద ఆగిపోతే 1033కు ఫోన్ చెయ్యి, ఎవరికన్న దెబ్బ తగిలితే 108.